తేనె కోసమైతే వీటిని పెంచకండి

కోనసీమలో మా అత్తగారి పాత ఇంటి వెనక వసారాకి మట్టిగోడ ఉండేది. కిటికీ చట్టానికి ఎడమపక్క, కిందిమూల, సున్నం పెచ్చులూడిన చోట నల్లటి గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉండేది. చిటికెన వేలంత లావు, ఒకటిన్నర అంగుళం పొడవు. ముట్టుకుంటే మెత్తగా నొక్కుకుపోయేది. వేలికి జిగురు అంటుకునేది, మామిడి సొన వాసన వేసేది. గొట్టం అంచు చుట్టూ ఆరేడు చిన్న చిన్న తలలు పేర్చినట్టు కూర్చుని ఉండేవి. మొహం దగ్గరికి పెడితే అన్నీ ఒక్కసారే లోపలికి తగ్గి, ఊపిరి పీల్చి వదిలేలోపు మళ్ళీ వచ్చి కూర్చునేవి. పెళ్ళయిన కొత్తలో నేను దోమలనుకున్నాను. "దోమలు కాదమ్మా, గోడతేనె ఈగలు. నేను కాపురానికొచ్చేటప్పటికే ఉన్నాయి. వాటి జోలికి పోకు" అన్నారు మా అత్తయ్యగారు.

అవి కుట్టని తేనెటీగలు. ఒంటి పొడవు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందేమో, అంతే. కొండి ఉన్నా అది పనికిరాని మొండి. వీటిలో మన దగ్గర ఎక్కువగా కనిపించేదానికి సైన్సులో టెట్రగోనులా ఇరిడిపెన్నిస్ అని పేరు. 1854లో సిలోను నుంచి వెళ్ళిన నమూనాలతో ఆ పేరు పెట్టారు. మన భాషలో పెరతేనె, పుట్టతేనె, జుంటితేనె అని ఒక్కో ఈగ తేనెకీ ఒక్కో మాట ఉంది. ఈ ఈగకి మాత్రం ఊరికో పేరు. మా అత్తయ్యగారిది "గోడతేనె", నాకు అదే నచ్చింది. పొరుగున కేరళలో అయితే దీని తేనెని "చెరుతేన్" అంటారు, చిన్నతేనె అని. ఆయుర్వేద వైద్యులు ఆ పేరు చెప్పి అడిగి తెప్పించుకుంటారు.

ఇంతకీ ఆ గోడ. 2019 వేసవిలో ఇల్లు పడగొట్టి డాబా కట్టాలని నిర్ణయమైంది. నేను సెలవు పెట్టి వెళ్ళేసరికి వసారా గోడ సగం పడిపోయి ఉంది. "ఈగలున్న ముక్క ఉంచండి" అని ఫోనులో రెండుసార్లు చెప్పాను. మేస్త్రి తలూపాడు, గునపం పట్టుకున్న కుర్రాడికి ఆ సంగతి చేరలేదు. మట్టిపెళ్ళ విరిగిన చోట లోపల రెండు గుప్పిళ్ళంత బోలు కనబడింది. ఒక పక్క గోధుమరంగు కుండలు, చిన్న ఉసిరికాయలంత ఉంటాయేమో, ద్రాక్షగుత్తిలా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. కొన్నిట్లో తేనె, కొన్నిట్లో పసుపుపచ్చ పుప్పొడి ముద్ద. ఇంకో పక్క ఆవగింజకన్నా కొంచెం పెద్ద గుళికలు వందలకొద్దీ, పిల్లల అరలు. పగిలిన కుండల్లోంచి తేనె మట్టిలోకి కారిపోతోంది. కూలికి వచ్చిన పిల్లలు వేళ్ళతో తీసుకుని నాకుతున్నారు, వాళ్ళ తప్పేముంది.

ఆ మట్టిలో రాణి కనబడింది. మిగతావాటికి నాలుగింతల పొట్ట, ఆ పొట్ట మీద ఎటూ చాలని పొట్టి రెక్కలు. ఎగరడానికి ప్రయత్నించను కూడా లేదు. ఇటుకముక్క మీద అటు రెండడుగులు, ఇటు రెండడుగులు నడుస్తోంది. చుట్టూ ఓ పది పనిఈగలు. అగ్గిపెట్టెలోకి ఎత్తాను, పిల్లల అరలు కొన్ని పక్కన పెట్టాను, కొబ్బరిచిప్పలో సర్దాను. రెండోరోజు మధ్యాహ్నానికి చీమలు పట్టేశాయి. గోడ పోయాక కూడా మూడు రోజులపాటు, ఆ గొట్టం ఉన్న ఎత్తులోనే, సరిగ్గా ఆ చోటే, ఖాళీ గాలిలో ఈగలు గుంపుగా ఆడుతూ ఉన్నాయి. నాలుగోరోజు లేవు.

అప్పటినుంచి ఈ ఈగల గురించి చదవడం, కేరళ వెళ్ళినప్పుడు పెంచేవాళ్ళ పెరళ్ళలో కూర్చోవడం, చివరికి నేనే పెంచడం మొదలైంది. ఇప్పుడు నా దగ్గర నాలుగు గూళ్ళున్నాయి. ఈమధ్య తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు: "మేమూ పెంచుదామనుకుంటున్నాం, కుట్టవటగా, ఎక్కడ కొనాలి?" వాళ్ళందరికీ కలిపి చెప్పాల్సిన మాట ఒకటుంది. కొనకండి. ముఖ్యంగా తేనె కోసం కొనకండి.

ఎందుకో చెప్పాలంటే మళ్ళీ ఆ పొట్ట బరువెక్కిన రాణి దగ్గరికే రావాలి. కొండతేనె పట్టే పెద్ద ఈగలకి కాళ్ళకింద ఇల్లు పోతే ఎగిరిపోతాయి. పెర కోసినా, రాణి బతికుంటే గుంపంతా వేరేచోట వాలి మళ్ళీ పెర కడుతుంది. అందుకే ఏజెన్సీలో తరతరాలుగా పెరతేనె తీసే గిరిజనులు జాగ్రత్తగా తీసినంతకాలం ఆ వృత్తి నడిచింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఇప్పటికీ వాళ్ళ దగ్గర తేనె కొంటోంది. కుట్టని ఈగ సంగతి అది కాదు. దీని రాణి జీవితంలో ఒక్కసారే, కన్యగా ఉన్నప్పుడు, జతకోసం బయటికి ఎగురుతుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక పొట్ట పెరిగి ఇక ఎగరలేదు. గూడు పగిలితే తల్లి లేచిపోయే దారి లేదు. అందుకే వీటి కొత్త కాపురం పెట్టే పద్ధతే వేరు. మామూలు తేనెటీగల్లో పాత రాణి గుంపుని వెంటేసుకుని వెళ్ళిపోతుంది, పాత ఇల్లు కూతురికి వదిలేస్తుంది. వీటిలో తల్లి కదలదు, కూతురే వెళ్తుంది. అదీ ఒక్కరోజులో కాదు. ముందు పనిఈగలు వెళ్ళి చోటు చూసుకుంటాయి. తల్లిగూటి నుంచి మైనం, జిగురు మోసుకెళ్ళి సందులు మూస్తాయి, గొట్టం కడతాయి, తేనె, పుప్పొడి చేరవేస్తాయి. ఇవన్నీ అమరాకే కన్యరాణి వెళ్తుంది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళపాటు పుట్టింటి నుంచి సారె వెళ్తూనే ఉంటుంది. వారాలు పట్టే ఆ రాకపోకల వల్లే తల్లిగూటికి దగ్గరలో తప్ప కూతురు కాపురం పెట్టలేదు.

దీని అర్థం ఏమిటంటే, ఒక ఊళ్ళోంచి ఈ గూళ్ళన్నీ తీసేస్తే పక్కూరి నుంచి ఎగిరొచ్చి నిండిపోవు. ఒక్కో గూడూ పోయినప్పుడు ఆ వీధికి ఆ ఈగ పోయినట్టే.

ఇక ధర. కేరళలో అసలైన చిన్నతేనె కిలో రెండు వేలకి తక్కువ దొరకడం కష్టం. గూటికి ఏడాదికి అరకిలో వస్తే బాగా వచ్చినట్టు, చాలా గూళ్ళకి అంతకూడా రాదు. అదే బయటి దేశం నుంచి తెచ్చి పెంచే ఇటాలియన్ తేనెటీగల పెట్టెలో కిలోలకొద్దీ తీస్తారు. తక్కువ దిగుబడి, ఎక్కువ ధర కలిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. గోడలు, చెట్టు తొర్రలు, పాత బావుల రాతిసందులు తవ్వేవాళ్ళు బయల్దేరారు. తేనె ఒకచోట అమ్ముతారు. మిగిలిన పిల్లల అరల్ని పెట్టెలో కుక్కి "కాలనీ" పేరుతో ఇంకోచోట అమ్ముతారు.

నేనూ ఒకటి కొన్నాను, 2020లో, ఆన్‌లైన్లో చూసి. "పెంచిన కాలనీ, గ్యారంటీ" అని రాశారు. ఐదురోజుల ప్రయాణం తర్వాత బస్సు పార్సిల్లో వచ్చింది. మూత తీస్తే పుల్లటి వాసన ముక్కుకి కొట్టింది. కుండలు చితికి తేనె పిల్లల అరల మీదంతా కారింది, ఈగలు అందులో మునిగి చచ్చిపోయి ఉన్నాయి. అడుగున అంగుళం మేర ఎర్రమట్టి, ఆ మట్టిలో చెట్టుబెరడు ముక్కలు. పెంచిన గూటిలో బెరడుముక్కలు ఉండవు. ఎక్కడో అడవిలో చెట్టు నరికి తీసిన గూడు అది. నేను కట్టిన డబ్బు ఆ గొడ్డలికి కూలీ అయింది. అమ్మినవాళ్ళు ఇంకొకటి పంపిస్తామన్నారు, వద్దన్నాను. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు, తగ్గకూడదనే అనుకుంటున్నాను.

అయితే మరి పెంచడమెలా? గోడలో ఉన్నవాటిని గోడ పగలకుండానే పిలవొచ్చు. కేరళలో ఎప్పటినుంచో చేస్తున్న పని ఇది. నేను చేసినది చెప్తాను. మా వీధి చివర పాత ప్రహరీగోడలో ఒక గూడుంది. ఆ ఇంటివాళ్ళని అడిగాను. "మీకేం కావాలంటే అది చేసుకోండమ్మా, గోడ మాత్రం పడగొట్టకండి" అన్నారు ఆ పెద్దాయన. అసలు ద్వారం తప్ప చుట్టుపక్కల బీటలన్నీ తడిమట్టితో మూసేశాను. ఈగలు కట్టుకున్న గొట్టాన్ని చాకుతో మెల్లగా విడదీసి దాచాను. ఆ కన్నంలోకి అరచేతి పొడవు ప్లాస్టిక్ పైపు దూర్చి చుట్టూ మట్టి మెత్తాను. పైపు రెండో కొస రెండు లీటర్లు పట్టే చెక్కపెట్టెలోకి. పెట్టెకి ఎదురుపక్క ఇంకో కన్నం పెట్టి, దాచిన గొట్టాన్ని దానికి అంటించాను. ఆ వాసన ఉంటేనే అవి ఇంటి గుమ్మం ఇదేనని పోల్చుకుంటాయి.

మొదటిరోజు గందరగోళం. బయటనుంచి వచ్చినవి పాత చోటే వెతుక్కున్నాయి. నా జుట్టులో దూరాయి, చెవిలో దూరాయి, కనురెప్ప వెంట్రుకలు పట్టుకుని లాగాయి. కుట్టవు గానీ కొరుకుతాయి, జిగురు పూస్తాయి. తలకి పల్చటి గుడ్డ కట్టుకుంటే చాలు. మూడోరోజుకి రాకపోకలు పెట్టె మీదుగానే సాగాయి. అక్కడినుంచి ఇక మన పని ఎదురుచూడటమే. మొదటి నెలంతా పెట్టె వాటికి నడవ మాత్రమే. ఆ తర్వాత మూలల్లో జిగురు పూసుకోవడం, సందులు మూసుకోవడం మొదలుపెట్టాయి. మూడో నెలలో రెండు పుప్పొడి కుండలు. మిగతా వానాకాలమంతా ఏమీ లేదు. కార్తీకమాసంలో ఒక ఉదయం గాజుమూత కింద లేతరంగు గుళికలు ఐదారు కనిపించాయి. ఒక పనిఈగ అరలోకి వంగి పిల్లకి కావలసిన తిండి మొత్తం ఒకేసారి కక్కుతోంది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి. అర నిండాక కొత్త రాణి వచ్చి ఆ పలచటి ముద్ద మీద గుడ్డు నిలబెట్టి వెళ్ళింది. వెంటనే ఓ ఈగ అంచులు మడిచి మూసేసింది. లోపలి పిల్లని ఇక ఎవరూ చూడరు, తినిపించరు. రెక్కలొచ్చి అదే తలుపు కొరుక్కుని బయటికి రావాలి. నేను స్కూలుకి వెళ్ళాల్సిన టైము దాటిపోయింది, అక్కడే కూర్చుండిపోయాను. సంక్రాంతి అయ్యాక పైపు తీసి పెట్టెని మా పెరట్లోకి తెచ్చుకున్నాను. గోడలో తల్లిగూడు అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది.

ఎనిమిది నెలలు పట్టిందంటే చాలామంది మొహం ముడుచుకుంటారు. కొంటే ఎనిమిది రోజులేగా అంటారు. కానీ పెంపకమంటే ఈ ఎనిమిది నెలలే అని నేనంటాను. ఆ ఓపిక లేనివాళ్ళకి తర్వాత గూటిని బతికించే ఓపిక కూడా ఉండదు. నిజంగా విభజించి పెంచేవాళ్ళ దగ్గర, మీ జిల్లాలోనే, కళ్ళారా చూసి తెచ్చుకుంటే అది వేరు. రాణి అర మిగతావాటికన్నా పెద్దగా ఉంటుంది. ఆ అరతో సహా పిల్లల గుత్తిలో సగం కొత్త పెట్టెకి మార్చడం తెలిసినవాళ్ళు మన దగ్గరా తయారవుతున్నారు. వాళ్ళకి డబ్బివ్వడంలో తప్పు లేదు, ఇవ్వాలి కూడా. పెట్టె అమ్మేమనిషిని ఒక్క ప్రశ్న అడగండి: "దీని తల్లిగూడు చూపిస్తారా?" చూపించలేనివాళ్ళ దగ్గర కొనకండి.

దూరప్రాంతం నుంచి తెప్పించుకోవద్దనడానికి ఇంకో కారణం ఎండ. కేరళ పెరటిలో చెట్లనీడన వెదురుబొంగుల్లో చల్లగా బతికిన గూటిని తెచ్చి మే నెలలో రామగుండం డాబా మీద పెడితే ఏమవుతుంది? పల్చటి చెక్కపెట్టె మీద నేరుగా ఎండపడితే లోపల మైనమే మెత్తబడి కుండలు కూలతాయి. హైదరాబాదులో అపార్ట్‌మెంటు బాల్కనీలో పెట్టుకుంటానన్న మా చెల్లెలికి నేను చెప్పింది: పడమటి ఎండ తగిలే బాల్కనీ అయితే వద్దు. తూర్పు లేదా ఉత్తరం వైపు, గోడవారన, మందపాటి చెక్కతోనో మట్టికుండలోనో. కుండ కన్నా మంచి ఇల్లు మన ఎండలకి లేదని నా అనుభవం. గూడు పెట్టిన బల్ల కాళ్ళకి గ్రీజు గుడ్డ కట్టాలి, లేకపోతే చీమలు. బల్లి, సాలీడు గుమ్మం దగ్గర కాపు కాస్తాయి, రోజూ ఓసారి చూసుకోవాలి. అంతకుమించి పని లేదు.

పని లేదు కానీ బాధ్యత ఉంది. ఈ ఈగ మహా అయితే అరకిలోమీటరు దూరం తిరుగుతుంది. అంటే మీ వీధిలో ఏం పూస్తే అదే దాని తిండి. మీ వీధిలో ఏం చల్లితే అదే దాని చావు. గూడు తెచ్చుకోకముందు మునగ, కరివేపాకు, నిమ్మ, తులసి, కొబ్బరి మీ చుట్టుపక్కల ఉన్నాయో లేదో చూసుకోండి. తులసి కంకుల్ని పూజకి తుంచేటప్పుడు నాలుగు వదిలేయండి. దోమల పొగ బండి వచ్చే సాయంత్రం గుమ్మానికి తడిగుడ్డ అడ్డం కట్టి, బండి పోయాక తీసేయాలి. జిగురు కోసం తడి రంగు మీద కూడా వాలతాయివి. కిటికీలకి రంగు వేయించిన వారం మా పెట్టె గొట్టం అంచు ఆకుపచ్చగా మారింది. మనం ఇంట్లో ఏం వాడుతున్నామో ఈగ గుమ్మం చూస్తే తెలుస్తుంది.

"పెంచడమే ఎందుకు, ప్రకృతిలో వదిలేస్తే పోలా?" అని మా స్కూల్లో ఒక మాస్టారు గట్టిగా వాదించారు. ఆయన మాటలో బలం ఉంది. అడవిలో, తోటలో గూడుంటే నేనూ ముట్టుకోను. కానీ మన ఊళ్ళలో ఈ ఈగకి ప్రకృతి అంటే మట్టిగోడ, ముసలి చింతచెట్టు, పాత గుడి రాతిసందు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా చింతచెట్లు పోతున్నాయి. గోడలు సిమెంటువి, నున్నగా, ఒక్క కన్నం లేకుండా కట్టుకుంటున్నాం. గూటికి చోటే లేకుండా చేసి ప్రకృతికి వదిలేశామనడం నాకు న్యాయంగా తోచదు. ఖాళీ కుండ ఒకటి గూడున్న గోడకి దగ్గరలో, లోపల కాస్త పాత మైనం పూసి వేలాడదీస్తే, దానంతట అదే కూతురు కాపురం రావచ్చు. రాకపోనూ వచ్చు. నావి ఏడు కుండలు వేలాడుతున్నాయి, ఒక్కదాన్లోనే చేరాయి. ఆ ఒక్కటి నాకు నాలుగింటిలోకీ ముద్దు.

ఇంకో వాదన, పరాగసంపర్కానికి ఇటాలియన్ ఈగలున్నాయి కదా అని. 1962లో ఇప్పటి హిమాచల్‌లోని నగ్రోటాలో అవి మన దేశంలో నిలదొక్కుకున్నాక తేనె పరిశ్రమ వాటితోనే నడుస్తోంది, కాదనను. కానీ 1990ల మొదట్లో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి కేరళలో మన దేశవాళీ పుట్టతేనె ఈగల పెట్టెల్ని దాదాపు తుడిచిపెట్టేసింది. అప్పుడు ఆ జబ్బు అంటకుండా నిలబడినవి ఈ చిన్న ఈగలే. ఒకే ఈగ మీద ఆధారపడితే ఏమవుతుందో అక్కడి రైతులు అలా నేర్చుకున్నారు. మెక్సికోలో మాయా ప్రజలు వేరే జాతి కుట్టని ఈగని బోలు దుంగల్లో వేల ఏళ్ళుగా పెంచారు. ఆస్ట్రేలియాలో తేనె ఊసు లేకుండా, ఇంటి ముందు ఈగ తిరుగుతుంటే చూసుకోవడానికే పెట్టెలు పెట్టుకునేవాళ్ళు వేలల్లో ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చింది.

తేనె అసలే తీయనా అంటే, తీస్తాను. వేసవి చివర్లో, తొలకరికి ముందు, పక్కనున్న కుండల్లో మూడోవంతు. వానాకాలం వాటికి కరువుకాలం. ఆ నిల్వ వాటిదే. చెంచాతో కుండ విడదీసి, పుల్లతో పొడిచి, పల్చటి బట్ట మీద బోర్లిస్తే మెల్లగా దిగుతుంది. పిండకూడదు. తియ్యదనం వెనకే పులుపు, ఆ వెనక వేపబెరడు నమిలినట్టు చిరుచేదు. పల్చగా ఉంటుంది, నీరు ఎక్కువ. మన దేశంలో తేనె ప్రమాణం ప్రకారం తేమ 20 శాతం దాటకూడదు. ఇది మామూలుగానే దాటుతుంది. ఆ లెక్కన చూస్తే ఇది తేనే కాదు! 2020లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కుట్టని ఈగల తేనెలో ట్రెహలులోజ్ అనే అరుదైన చక్కెర బాగా ఉందని చూపించారు, మామూలు తేనెలో కనబడనిది. నిదానంగా అరిగే చక్కెర అది. అంతమాత్రాన షుగరు రోగులకి మందని ప్రచారం చేసేవాళ్ళని నమ్మకండి. ఏడాది నిండని పిల్లలకి ఇదే కాదు, ఏ తేనే నాకించవద్దు. పోయినేడు నాలుగు గూళ్ళకీ కలిపి నాకు వచ్చింది ఒక చిన్న హార్లిక్స్ సీసాలో సగం. మా అత్తయ్యగారికి ఒక చెంచా వేశాను. నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. "ఆ గోడదే" అన్నారు.

మొన్న కొత్త డాబాలో పంపు మోటారు స్విచ్చి పనిచేయడం లేదని కరెంటు పని తెలిసిన అబ్బాయిని పిలిచాం. వాడు వాడని బోర్డు ఒకటి విప్పబోయి ఆగిపోయాడు. "అండీ, ఇక్కడేదో నల్లగా జిగురు కారినట్టుందండి, చెరిపేయనా?" అని అడిగాడు. వెళ్ళి చూశాను. స్క్రూ రంధ్రం చుట్టూ గోధుమరంగు అంచు, బియ్యపుగింజంత ఎత్తు. రెండు ఈగలు వచ్చాయి. వెనకకాళ్ళకి మెరిసే జిగురు ముద్దలున్నాయి. అంచు మీద దించి, మునికాళ్ళతో నొక్కి, పెరట్లో నా కుండ వైపే తిరిగి ఎగిరిపోయాయి. ఆ బోర్డుకి వెళ్ళే వైరు మీటరు దగ్గరే తీసేయమని చెప్పాను. స్విచ్చి ఇంకో గోడకి పెట్టించాం.